పందికి లేని పేగు

ముందే చెబుతున్నాను, మా అక్క మొగుడు ఇమ్రో అంటే నాకు కోపం. అతను పోయి మూడేళ్ళయింది, కోపం మాత్రం పోలేదు. అయినా అతని సంగతి ఉన్నదున్నట్టు చెప్పగలిగిన మనిషి ఈ ఊళ్ళో నేను కాక ఇంకెవరూ మిగల్లేదు. మిగతావాళ్ళు పందుల దగ్గర మొదలుపెట్టి పందుల దగ్గరే ఆపేస్తారు.

పందుల దగ్గర నేనూ మొదలుపెట్టక తప్పదు. ఇమ్రో పదిహేడో ఏట వాళ్ళ నాన్న చేతిలోంచి కత్తి అందుకున్నాడు. సావా నది ఒడ్డున ఉన్న మా ఏడు ఊళ్ళలో నవంబరు వచ్చిందంటే ఇమ్రో అడుగుపెట్టకుండా ఏ ఇంట్లోనూ పంది తెగేది కాదు. పొద్దున్నే వచ్చి ఒక గుక్క రకియా, అదే మా ప్లమ్ పళ్ళ సారా, నోట్లో పోసుకునేవాడు. నలుగురు మగవాళ్ళు పందిని అదిమి పట్టుకుంటే ఒక్క పోటు. తొట్టిలో మరిగే నీళ్ళు పోసి, గొలుసుల మీద దొర్లించి బొచ్చు గీకాక, వెనక్కాళ్ళు కట్టి నిచ్చెనకు వేలాడదీసేవాళ్ళు. అక్కణ్ణుంచి పని అతనొక్కడిదే. పైనుంచి కిందికి ఒకే గీత. ఇంతా చేసి ఒక్క పేగుకైనా గీటు పడేది కాదు.

తరవాత రెండు చేతులూ మోచేతుల దాకా లోపలికి పోనిచ్చి, కళ్ళు ఎక్కడో పొయ్యి మీద పెట్టుకుని, ఒక్కొక్కటే బయటికి తీసేవాడు. కార్జం తీసి దాని వెనక అంటుకున్న పసరు తిత్తిని గోటితో ఊడదీసేవాడు. తిల్లి, అంటే ప్లీహం, నాలుకలాగా పొడుగ్గా వచ్చేది. దాన్ని వెలుతురుకు పట్టి, మొదలు లావుగా ఉందా చివర లావుగా ఉందా చూసి, చలి ముందొస్తుందో వెనకొస్తుందో చెప్పేవాడు. అందరూ ఆ మాట ప్రకారం కట్టెలు కొట్టుకునేవాళ్ళు. ఆఖరికి, ఎడమవైపునుంచి, పెద్దపేగు మొదట్లో ఒక చివర మూసుకుపోయి ఉండే సంచిపేగును తీసేవాడు. అది ఇంటావిడ చేతికే ఇచ్చేవాడు, ఇంకెవరికీ ఇవ్వడు. మిరపపొడీ వెల్లుల్లీ పట్టించిన మాంసం దాంట్లో కూరి, పొగబెట్టి, ఎండాకాలం దాకా వేలాడదీస్తే కులెన్ అవుతుంది. పందికి ఒక్కటే కులెన్. పెళ్ళికో, పెద్దమనిషి ఇంటికొచ్చినప్పుడో కోస్తాం.

ఇంతవరకూ అతన్ని తప్పుపట్టడానికేమీ లేదు. తప్పల్లా మనుషుల కడుపుల దగ్గర వచ్చింది.

మనిషీ పందీ లోపల ఒకటేనని మా బడి పంతులు ఎప్పుడో ఒక పంది కోసిన ఇంటి భోజనంలో అన్నాడట. గుండె అంతే, కార్జం అంతే, చర్మం కూడా అంతే అన్నాడట. అది మా బావ చెవిలో పడింది, ఇంక అతన్ని పట్టేవాళ్ళు లేరు. ఎవరికి కడుపునొప్పి వచ్చినా ఇమ్రో దగ్గరికే. వెల్లకిలా పడుకోబెట్టి, ఆ మొద్దు వేళ్ళతో నొక్కి, ఇది తిల్లి, ఇది పొట్టతిత్తి, ఇది నిన్న తిన్న క్యాబేజీ అని చెప్పేవాడు. ఎక్కడ నొప్పి అని మాత్రం అడిగేవాడు కాదు. ఒకసారి నేనే ఉండబట్టలేక, పాపం ఎక్కడ నొప్పో అడగొచ్చు కదా అన్నాను.

"పంది చెబుతుందా యూలా, ఎక్కడ నొప్పో?" అన్నాడు. "అయినా నేను కనుక్కోవట్లేదూ?"

పోనీ అన్నీ తప్పులే చెప్పి ఉంటే బాగుండేది. సహకార సంఘం గుమాస్తా పావోకి కళ్ళు పచ్చబడితే, కుడి పక్కటెముకల కింద ఒక్క నొక్కు నొక్కి, పసరు తిత్తిలో రాయి ఉంది, రెండు పందుల్లో చూశాను, పట్నం పో అన్నాడు. పట్నంలో కోసి నాలుగు రాళ్ళు తీశారు. ఆ పావో వాటిని అగ్గిపెట్టెలో పెట్టుకుని తాగుడుకొట్టులో, చర్చి వాకిట్లో, ఎక్కడ పడితే అక్కడ తెరిచి చూపించేవాడు. ఇంక చూసుకో, మా బావ కళ్ళు నెత్తికెక్కాయి. మా అక్క మాండ మాత్రం నవ్వేది. ఇంట్లో డాక్టరున్నాడు, నాకేం భయం అనేది. ఆవిడకి మొగుడంటే అంత గురి.

అరవై నాలుగులో, నవంబరు ఆఖర్న, రిపబ్లిక్ పండగ ముందురోజు సాయంత్రం. మా దేశంలో రెండురోజుల సెలవు అది, ఇంటింటా పంది తెగే రోజులు. ఐదిళ్ళకు మాటిచ్చాడు ఇమ్రో. అక్కా నేనూ వెల్లుల్లి ఒలుస్తున్నాం. ఉన్నట్టుండి అక్క చెయ్యి ఆపేసి, బొడ్డు చుట్టూ మెలిపెడుతోంది అంది. రాత్రి ఏమీ తినలేదు. తెల్లారి నేను వెళ్ళేసరికి మంచం మీద మోకాళ్ళు ముడుచుకుని పడుకుని ఉంది. నొప్పి కిందికి జారిందని, కుడివైపు, తుంటి ఎముక దగ్గర, వేలు పెట్టి చూపించింది. రెండుసార్లు వాంతి అయిందట.

మా బావ కత్తులు సంచిలో సర్దుకుంటున్నవాడు వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. అక్కను వెల్లకిలా తిప్పాడు. ముందు ఎడమవైపు నొక్కాడు, సంచిపేగు ఉండాల్సిన చోట. అక్కడేమీ లేదు, మెత్తగా ఉంది. కుడివైపు, ఇమ్రో, అంది అక్క. కుడివైపు చెయ్యి వేశాడు, అక్క అరిచింది. అతను తల అడ్డంగా ఊపాడు.

"ఇక్కడ ఏమీ ఉండదే," అన్నాడు. "సన్నపేగులు తప్ప ఇంకేం లేవు ఈ చోట. గాలి పట్టింది. చెడితే సంచి చెడాలి, సంచి ఈవైపు ఉంటుంది, అది శుభ్రంగా ఉంది."

"నాకు కుడివైపే నొప్పి."

"గాలి తిరుగుతుంది మాండా. ఇవాళ అక్కడ, రేపు ఇక్కడ."

నేను ఊరుకోలేదు. బండి కట్టు, పట్నం తీసుకుపోదాం, ఇరవై రెండు కిలోమీటర్లేగా అన్నాను. పండగ పూట ఆసుపత్రిలో ఎవడుంటాడు, అక్కడా సాసేజీలే కూరుతూంటారు అన్నాడు. వేడి ఇటుక గుడ్డలో చుట్టి నొప్పి మీద పెట్టమన్నాడు, రెండు గుక్కలు రకియా పట్టించమన్నాడు. అప్పటికే పెరట్లో మొదటి ఇంటి మనిషి వచ్చి పిలుస్తున్నాడు, నీళ్ళు మరిగిపోతున్నాయి రమ్మని. సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

ఇటుకలు నేనే కాల్చాను, నేనే పెట్టాను. చల్లారినకొద్దీ ఇంకోటి కాల్చి తెచ్చాను. వీధిలో ఆ చివరనుంచి ఈ చివరకు పందుల అరుపులు, ఉల్లిపాయలతో వేగుతున్న కార్జం వాసన. అక్క దిండు కొరుక్కుంటూ పడుకుంది. మధ్యాహ్నం చర్చి గంట కొట్టాక ఒక్కసారిగా నొప్పి ఆగిపోయింది. మెల్లగా తగ్గడం కాదు, దీపం ఆర్పినట్టు ఆగిపోయింది. అక్క కాళ్ళు చాపుకుంది. నా మొహం చూసి నవ్వింది. ఆకలేస్తోందే, కాస్త కార్జం వేపుడు తెచ్చిపెట్టు అంది.

చీకటి పడుతూండగా బావ వచ్చాడు, చొక్కా మీద నెత్తురు, ఎవరో ఇచ్చిన పక్కటెముకలు చేతిలో. అక్క దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. ఏం చెప్పాను, గాలి అని చెప్పలేదూ అన్నాడు. నేనూ నవ్వాను. డాక్టరుగారూ, నాకూ మోకాలు లాగుతోంది, పంది మోకాలు గుర్తుతెచ్చుకుని చూడండి అని వేళాకోళం చేశాను. ముగ్గురం పక్కటెముకలు కాల్చుకుని తిన్నాం. అక్క రెండు ముక్కలు తింది. ఆ పూట తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సహించదు.

మర్నాడు పొద్దున అక్క మొహం బూడిదరంగులో ఉంది. ఒళ్ళు కాలిపోతోంది. కడుపు పీటచెక్కలా బిగుసుకుపోయింది, దుప్పటి తగిలినా మూలుగుతోంది. బావ చెయ్యి వేశాడు, మళ్ళీ వేశాడు. గుర్రానికి కళ్ళెం వెయ్యబోతే ఎంతకీ బకిల్ పట్టలేదు. చివరికి సంఘం ట్రాక్టరు వెనక గడ్డి పరిచి తీసుకెళ్ళాం.

ఆసుపత్రిలో డాక్టరున్నాడు. పండగ పూట ఉన్నాడు. ముందురోజూ ఉన్నాడట. అపెండిక్స్ అన్నాడు. అది మన ఆడవాళ్ళు ఇరవై నాలుగు గంటల నొప్పి అంటారే, అదే. అది పగిలి చీము మొత్తం కడుపులోకి పోయిందన్నాడు. నొప్పి ఒక్కసారిగా ఆగింది అది పగిలినప్పుడేనట. కోసి కడిగారు, గొట్టాలు పెట్టారు. కోశాక ఆయన వరండాలోకి వచ్చి మమ్మల్ని ఒక ప్రశ్న అడిగాడు. చర్మం మీద కాలిన మచ్చలున్నాయి, దాని మీద వేడి పెట్టింది ఎవరు అన్నాడు. వేడి తగిలితే అది తొందరగా పగులుతుందట, ఎప్పుడూ పెట్టకూడదట.

నోరు తెరవబోయాను.

"నేనే," అన్నాడు మా బావ. "నేనే పెట్టాను."

డాక్టరు అతన్ని చెడామడా తిట్టాడు, గాడిదా అన్నాడు. అతను టోపీ చేత్తో పట్టుకుని నిలబడి అంతా విన్నాడు. నావైపు కన్నెత్తి కూడా చూడలేదు.

మర్నాడు పొద్దున్నే ఊరెళ్ళి, ఎండాకాలంలో కొయ్యకుండా దాచిన కులెన్ ఒకటి పట్టుకొచ్చాడు. డాక్టరు దగ్గరికి వట్టి చేతులతో వెళ్ళడం మాకు అలవాటు లేదు. ఆయన వద్దంటూనే బల్ల మీద పెట్టించాడు. ముందురోజు అంతగా తిట్టినందుకు నొచ్చుకున్నట్టున్నాడు, కూర్చోమన్నాడు. మా బావ కూర్చోలేదు. కుడివైపు ఏముంటుంది అని అడిగాడు. నాలుగు వేల పందుల్ని కోశాను అయ్యా, కుడివైపు ఆ చోట ఏమీ లేదు, నేను చూసుకోలేదేమో అన్నాడు.

డాక్టరు కులెన్ చేతిలోకి తీసుకుని తన తెల్లకోటు మీద ఎడమవైపు ఆనించుకున్నాడు.

"పందికి ఈ సంచి ఇక్కడ. నువ్వు చూసింది నిజమే, తప్పేం చూడలేదు." కులెన్‌ని కుడివైపుకు జరిపాడు. "మనిషికి ఇది ఇక్కడ. ఇంతుండదు, పిడికిలంత. దానికి కింద చిటికెనవేలంత తోక ఉంటుంది. ఆ తోకే కుళ్ళింది."

"పందికి తోక లేదు," అన్నాడు బావ.

"పందికి లేదు."

"అది దేనికి పనికొస్తుందయ్యా?"

డాక్టరు కులెన్‌ని జాగ్రత్తగా బల్ల మీద పెట్టేశాడు. "మాకు తెలిసినంతవరకు, దేనికీ పనికిరాదు," అన్నాడు.

అక్క ఇంకో ఆరు రోజులు బతికింది. కొంచెం తెలివొచ్చిన రోజున బావ మంచం పక్కనే ఉన్నాడు, నేను కాళ్ళ దగ్గరున్నాను. ఆవిడ కోపంగా అనలేదు. చిన్నపిల్లలు తమ తప్పు కాదని చెప్పుకున్నట్టు చెప్పింది.

"నేను కుడివైపు అనే చెప్పాను ఇమ్రో."

"చెప్పావు," అన్నాడు.

ఆ తరవాత ఆవిడ మాట్లాడిన మాటలు మాకు అర్థం కాలేదు.

అతను ఇంక కత్తి ముట్టడని ఊరంతా అనుకుంది. నేనూ అనుకున్నాను, అంతేకాదు, ముట్టకూడదని కోరుకున్నాను. కానీ మళ్ళీ నవంబరు వచ్చింది, పిలిచారు, వెళ్ళాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఏ మొహంతో కోస్తాడో చూద్దామని పక్కింటి పెరట్లోకి వెళ్ళి నిలబడ్డాను. పైనుంచి కిందికి అదే గీత. కానీ చేతులు లోపల పెట్టాక, కార్జం ముట్టుకోలేదు. తిన్నగా పంది కుడివైపు, కింద, తొడ మొదట్లోకి పోనిచ్చి వెతికాడు. అందరూ కార్జం కోసం పళ్ళేలు పట్టుకుని నిలబడ్డారు. అతను ఆగకుండా తడుముతూనే ఉన్నాడు. చివరికి చెయ్యి తీసి, నన్ను చూసి, లేదు యూలా అన్నాడు, మెల్లగా. అప్పటినుంచి ప్రతి పందికీ అంతే చేశాడు. కొత్తగా చూసినవాళ్ళు ఏమిటని అడిగేవాళ్ళు. ఎవరూ చెప్పేవాళ్ళు కాదు.

కడుపునొప్పులతో వచ్చేవాళ్ళకు మొహం మీదే తలుపు వేసేవాడు. తిల్లి చూసి చలి చెప్పమన్నా చెప్పేవాడు కాదు, చలి వచ్చినప్పుడు తెలుస్తుందిలే అనేవాడు. నేను మొగుడు పోయినదాన్ని, గోడ అవతలే ఉంటాను. రోజూ ఒక గిన్నె చారు పట్టుకెళ్ళి, బల్ల మీద ఠపీమని పెట్టి, నాలుగు మాటలు అని వచ్చేదాన్ని. మా అక్కను చంపావు అని కూడా అన్నాను ఒకసారి. అవును అన్నాడు. ఇటుకలు పెట్టింది నేనని అతనూ అనలేదు, నేనూ అనలేదు. అతను ఒక్కసారి ఆ మాట నా మొహాన కొడితే నా గుండె బరువు దిగిపోయేది. కొట్టలేదు. అందుకే ఆ కోపం.

నాలుగేళ్ళు గడిచాయి. మళ్ళీ నవంబరు. వీధి చివర ఇంట్లో కొవ్వు కరిగించారు, వేయించిన కొవ్వు ముక్కలు వేడివేడిగా పెట్టారు, నేను మర్యాద లేకుండా రెండు దోసిళ్ళు తిన్నాను. ఇంటికొచ్చాక కడుపులో మెలిపెట్టింది. గోడ పట్టుకుని పెరట్లో వంగి నిలబడ్డాను. ఎవరో చూసి వెళ్ళి ఇమ్రోకి చెప్పినట్టున్నారు. అతను ఆ పూట నాలుగిళ్ళ అవతల పనిలో ఉన్నాడు. కడుపు చీరిన పందిని చీరినట్టే నిచ్చెన మీద వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. యాభై ఏళ్ళలో అలాంటి పని ఎప్పుడూ చేసి ఎరగడు. మోచేతుల దాకా నెత్తురుతో వచ్చి, నాకు రెండడుగుల దూరంలో ఆగిపోయాడు. చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు.

"ఎక్కడ నొప్పి?" అన్నాడు. "నువ్వే చెప్పు."

"ఎక్కడో తెలీదు బావా, కడుపంతా. కొవ్వు ముక్కలు ఎక్కువ తిన్నాను."

ఇంక వినలేదు. బండి కట్టాడు. ట్రాక్టరు ఊళ్ళో లేదు. రోడ్డంతా బురద, గుర్రం ముసలిది. దారి పొడుగునా నేను తిడుతూనే ఉన్నాను, ఇది అజీర్తి అని, ఊరంతా నవ్వుతుందని, ఆ పంది మాంసం పాడైతే వాళ్ళు నిన్ను తంతారని. అతను ప్రతి మైలురాయి దగ్గరా వెనక్కి తిరిగి, నొప్పి ఉందా అని అడిగాడు. ఉందంటే తల ఊపి ముందుకు తిరిగేవాడు.

ఆసుపత్రిలో ఒక కుర్ర డాక్టరు నొక్కి చూసి, ఏం తిన్నావమ్మా అని అడిగి, నవ్వు ఆపుకుంటూ ఏవో చుక్కలు తాగించాడు. గాలి అన్నాడు. ఇద్దరం మెట్ల దాకా వచ్చాం. చుక్కలు పనిచేసి నాకు ప్రాణం లేచొచ్చింది.

"పద పోదాం," అన్నాను. "నొప్పి పూర్తిగా పోయింది."

అతని మొహంలో నెత్తుటిచుక్క లేదు. నా మణికట్టు పట్టుకుని మెట్లెక్కించి మళ్ళీ లోపలికి లాక్కెళ్ళాడు. నొప్పి ఆగిపోయిందట, ఇంకోసారి చూడండి, ఆగిపోయిందట అని ఆ కుర్రాడి ముందు అదే మాట నాలుగుసార్లు అన్నాడు. డాక్టరు విసుక్కున్నాడు. అతను కదలలేదు. చివరికి సరే, సాయంత్రం దాకా బయట కూర్చోండి, మళ్ళీ చూస్తాను అన్నాడు ఆయన.

వరండాలో బల్ల మీద కూర్చున్నాం. అతని చేతుల మీద ఇందాకటి నెత్తురు ఎండి అట్టకట్టింది. అటుగా వెళ్ళే నర్సులు వింతగా చూస్తున్నారు. గోడ గడియారం వైపు చూస్తూ కూర్చున్నాడు, ఏదో లెక్క సరిపోనట్టు.

"రెండున్నర గంటలే పట్టింది యూలా," అన్నాడు చివరికి. "ఈ బురదలో, ఈ ముసలి గుర్రంతో కూడా, రెండున్నర గంటలే."

అని ఏడ్చాడు. అక్కను మట్టి చేసిన రోజున కూడా ఏడవని మనిషి. నేను అతని చెయ్యి తీసి నా ఒళ్ళో పెట్టుకున్నాను. ఇటుకలు నేనే పెట్టాను బావా అన్నాను. తెలుసు అన్నాడు. డాక్టరు పిలిచేదాకా అలాగే కూర్చున్నాం.